బరువు తగ్గే ఆపరేషన్: ఎవరికి? ఎప్పుడు? ఏది?

"డాక్టరు గారూ! బరువు తగ్గడానికి ఆపరేషన్లు రెండు మూడు రకాలున్నాయట. వాటిలో ఏది మంచిది?"

ఈ మధ్య బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పాతికేళ్ళ క్రితం ప్రభుత్వాసుపత్రిలో ఈ ప్రశ్న వినిపించేది కాదు. "అన్నం సయించడం లేదు, బలానికి టానిక్కు రాయండి" అనేవారే అప్పట్లో ఎక్కువ. ఇప్పుడు ఆ కుటుంబాల నుంచే వంద కిలోలు దాటినవారు మోకాళ్ళ నొప్పులతో, ఆయాసంతో వస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు.

ఏది మంచిదన్న ప్రశ్నకు సమాధానం ఉంది. కాని అది మూడవ ప్రశ్న. నాకు ఆపరేషన్ అవసరమా అన్నది మొదటిది. దానికి నేను సిద్ధంగా ఉన్నానా అన్నది రెండవది. ఈ రెండూ తేలితే మూడవదానికి జవాబు సగం తనంతట తానే వస్తుంది.

ఒక మాట ముందుగా చెప్పాలి. నేను ఈ ఆపరేషన్ చేసే సర్జన్ని కాను. ఆపరేషన్‌కు ముందు సలహా కోసం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒంట్లో బాగులేనప్పుడల్లా వచ్చేవారిని చూసే ప్రభుత్వ వైద్యుణ్ణి. ఆపరేషన్ బల్ల మీద గడిచేది రెండు మూడు గంటలు. దానికి ముందు కొన్ని నెలలు, దాని తర్వాత జీవితమంతా రోగి చేతుల్లోనే ఉంటుంది. ఆ ముందూ వెనకల గురించే ఈ వ్యాసం.

అందం కోసం కాదు

2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళ వయస్సులో అమెరికాలో మరణించారు. కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే చికిత్స చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఇప్పటికీ కొందరు ఆమె పేరు చెప్పి, "ఆ ఆపరేషనేనా ఇది?" అని భయపడుతూ అడుగుతారు.

కాదు. ఆ చికిత్స పేరు లైపోసక్షన్. చర్మం కింద పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగివేయడం. ఒంటి తీరు చక్కదిద్దడానికి చేసేదే గాని అది స్థూలకాయానికి చికిత్స కాదు. దానివల్ల చక్కెర వ్యాధి తగ్గదు, గురక తగ్గదు, ఆకలి తగ్గదు. మనం ఇక్కడ చెప్పుకుంటున్నది జీర్ణకోశం మీద, చిన్నప్రేగు మీద చేసే ఆపరేషన్. దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. కేంద్రమంత్రులుగా పనిచేసిన నితిన్ గడ్కరీ 2011లోను, అరుణ్ జైట్లీ 2014లోను చేయించుకున్నది ఈ తరహా ఆపరేషనే.

స్థూలకాయం ఒక జబ్బు అన్న సంగతి చాలామంది ఒప్పుకోరు. "నోరు కట్టుకోలేకపోతున్నాడు" అని తేలికగా అనేస్తారు. నిజానికి బరువు పెరిగిన శరీరం ఆ బరువునే తనదనుకుని కాపాడుకోవాలని చూస్తుంది. పది కిలోలు తగ్గగానే ఆకలి పుట్టించే రసాయనాలు పెరుగుతాయి, శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. అందుచేతనే బాగా లావైనవారు పథ్యంతో తగ్గినా రెండు మూడేళ్ళలో మళ్ళీ మొదటికి వస్తుంటారు. ఈ ఆపరేషన్ పొట్టను చిన్నది చేయడమే కాక ఆ ఆకలి రసాయనాలను కూడా మారుస్తుంది. ఇది పని చేయడానికి అసలు కారణం అదే.

మీకు అవసరమా?

ఒక చిన్న లెక్క. మీ బరువు కిలోలలో తీసుకోండి. ఎత్తు మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించండి. బరువును ఆ అంకెతో భాగించండి. వచ్చిన అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, అంటే సుమారు అయిదడుగుల మూడంగుళాలు ఉన్న మనిషికి 1.6ను 1.6తో హెచ్చిస్తే 2.56. ఆ మనిషి బరువు 96 కిలోలైతే బి.ఎం.ఐ. 37.5 అవుతుంది.

అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు 2022లో సవరించిన సూత్రాల ప్రకారం బి.ఎం.ఐ. 35 దాటినవారికి వేరే జబ్బు లేకపోయినా ఈ ఆపరేషన్ సూచించవచ్చు. 30 నుంచి 35 మధ్య ఉన్నవారికి చక్కెర వ్యాధి వంటివి ఉంటే ఆలోచించవచ్చు. మన ఆసియావాసులకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి చక్కెర వ్యాధి వస్తుంది గనుక 27.5 నుంచే ఈ చికిత్సను పరిశీలించవచ్చన్నారు. పరిశీలించవచ్చు అంటే అందరికీ చేసేయమని కాదు. పై చెప్పిన ఎత్తు మనిషికి 27.5 అంటే 70 కిలోలు మాత్రమే. ఆ బరువుతో, మరే జబ్బూ లేకుండా, పెళ్ళిచూపులకు ముందు అమ్మాయిని సన్నబరచాలని తీసుకువచ్చే తల్లిదండ్రులను నేను వెనక్కి పంపుతాను.

అవతలి పక్క ఇంకో పొరపాటు కూడా జరుగుతూ ఉంటుంది. 120 కిలోల బరువు, అదుపు తప్పిన చక్కెర, రాత్రి గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ ఉన్న మనిషి "కోత అంటే భయం" అని పదేళ్ళు గడిపేస్తాడు. అటువంటి వారికి ఆలస్యమే ప్రమాదం. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగువేల మందికి పైగా స్థూలకాయులను ఏళ్ళ తరబడి గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు చేయించుకోనివారి కంటే తక్కువని 2007లో ప్రకటించారు. అనుభవజ్ఞులున్న ఆసుపత్రులలో ఈ ఆపరేషన్ వల్ల ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగిన అపాయం ఇది.

గర్భవతులకు, మద్యం అలవాటు వదలనివారికి, అదుపులో లేని మానసిక వ్యాధి ఉన్నవారికి ఈ ఆపరేషన్ తగదు. థైరాయిడ్ లోపం వంటి కారణంతో లావైనవారికి ముందు ఆ కారణానికి వైద్యం జరగాలి. ఏళ్ళ తరబడి స్టీరాయిడ్ మాత్రలు మింగి లావైనవారూ అంతే. "ఒంటినొప్పుల పొడి" పేరుతో స్టీరాయిడ్లు తినేవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు.

అల్సర్ ఆపరేషన్ నేర్పిన పాఠం

ఇప్పుడు ఆపరేషన్ల సంగతి. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన వైద్యం కాదు. మన తాతల కాలంలో కడుపులో పుండుకు, అంటే అల్సర్‌కు, మంచి మందులు లేవు. గుంటూరు, విశాఖ వంటి పెద్దాసుపత్రులలో సర్జన్లు జీర్ణకోశంలో కొంత తీసివేయడమో, దాన్ని చిన్నప్రేగుతో కలపడమో చేసేవారు. అలాంటి ఆపరేషన్ జరిగిన స్త్రీలు మళ్ళీ లావెక్కడం లేదని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను గమనించాడు. 1966లో స్థూలకాయానికే ఆ తరహా ఆపరేషన్ చేశాడు. గ్యాస్ట్రిక్ బైపాస్‌కు అది మొదలు. 1990ల నుంచి పొట్ట కోయకుండా నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ పద్ధతి వచ్చాక రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళగలుగుతున్నాడు.

ఈనాడు ముఖ్యంగా చేస్తున్నవి మూడు.

స్లీవ్ గాస్ట్రెక్టమీ: జీర్ణకోశంలో సుమారు ముప్పాతిక భాగం కత్తిరించి తీసివేస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. ప్రేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం పోవడం వల్ల ఆకలి తగ్గుతుంది. ప్రపంచంలో ఎక్కువగా చేస్తున్నది ఇదే. ఏడాది, ఏడాదిన్నరలో ఉన్న బరువులో సుమారు నాలుగో వంతు తగ్గవచ్చు. తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టడం సాధ్యం కాదు. గుండెమంట, పులితేన్పులు ఉన్నవారికి అవి ఎక్కువ కావచ్చు, లేనివారికి కొత్తగా రావచ్చు.

రూ బైపాస్: స్విట్జర్లాండుకు చెందిన సీజర్ రూ అనే సర్జను పేరు మీద వచ్చింది. జీర్ణకోశం పైభాగాన కోడిగుడ్డంత సంచిని మాత్రం వేరుచేసి, దానికి చిన్నప్రేగును తెచ్చి కలుపుతారు. మిగతా జీర్ణకోశం లోపలే ఉంటుంది గాని అన్నం దానిలోకి పోదు. బరువులో సుమారు నూటికి 30 వంతులు తగ్గవచ్చు. గుండెమంటకు మంచిది, చక్కెర వ్యాధి మీద స్లీవ్ కంటే కొంత ఎక్కువ పని చేస్తుంది. అయితే ఇనుము, కాల్షియం, బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది గనుక జీవితాంతం మాత్రలు తప్పవు. కలిపిన చోట పుండు పడవచ్చు. పొగతాగేవారికి, నొప్పి మాత్రలు మింగేవారికి ఈ పుండు ఎక్కువ.

మినీ బైపాస్: పొడుగాటి సంచి చేసి ప్రేగుతో ఒకే చోట కలుపుతారు. త్వరగా అవుతుంది, బరువు బాగా తగ్గుతుంది. కాని పైత్యరసం సంచిలోకి ఎదురు తన్నే అవకాశం ఉంది. ప్రేగు ఎక్కువ పొడవున దాటవేస్తే మాంసకృత్తుల లోపం రావచ్చు.

ఇవిగాక, విపరీతమైన స్థూలకాయానికి డుయోడినల్ స్విచ్ అనే పెద్ద ఆపరేషన్ ఉంది. పోషకాహార లోపం దీనిలో అన్నిటికంటే ఎక్కువ. ఒకప్పుడు జీర్ణకోశానికి పట్టీ బిగించేవారు. దాన్ని చాలా చోట్ల మానేశారు. కడుపులో బెలూను పెట్టడం ఆపరేషన్ కాదు. ఆరు నెలలకో, ఏడాదికో తీసివేయాలి. తీశాక బరువు తిరిగి రావడం సామాన్యం.

మరి ఏది ఎవరికి?

ఫిన్లండ్‌లో 240 మందికి చీటీ వేసినట్టు సగం మందికి స్లీవ్, సగం మందికి రూ బైపాస్ చేసి పదేళ్ళ తర్వాత చూశారు. అదనంగా ఉన్న బరువులో స్లీవ్ వారు సుమారు 43 శాతం, బైపాస్ వారు సుమారు 51 శాతం తగ్గి ఉన్నారు. తేడా ఉందిగాని పెద్దది కాదు. ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకుపోవడం మాత్రం స్లీవ్ వారిలో నూటికి 31 మందికి, బైపాస్ వారిలో నూటికి 7 గురికి కనబడింది. కాబట్టి "ఎన్ని కిలోలు తగ్గుతాను" అన్నదాని కంటే "నా ఒంట్లో ఇప్పటికే ఏ జబ్బుంది, నేను ఎలా బతుకుతున్నాను" అన్నది ముఖ్యం.

రాత్రిళ్ళు గొంతులోకి పులినీళ్ళు వచ్చేవారు, ఎండోస్కోపీలో అన్నవాహిక పుండు కనబడ్డవారు స్లీవ్‌కు తొందరపడకూడదు. వారికి రూ బైపాస్ మేలు.

చాలాకాలంగా చక్కెర వ్యాధి, ఇన్సులిన్ వాడకం ఉన్నవారికి బైపాస్ వైపు మొగ్గు ఉంటుంది. కాని "షుగర్ శాశ్వతంగా పోతుంది" అన్న ప్రకటన నమ్మకండి. అమెరికాలో 150 మంది చక్కెర రోగుల మీద జరిపిన పరిశీలనలో అయిదేళ్ళ తర్వాత మూడు నెలల చక్కెర సగటు 6 శాతం లోపున ఉన్నవారు బైపాస్‌లో నూటికి 29 మంది, స్లీవ్‌లో 23 మంది, మందులు మాత్రమే వాడినవారిలో 5 గురు. ఇది గొప్ప లాభమే. అయినా ఆపరేషన్ అయినవారిలో కూడా ఎక్కువమంది ఆ గీత లోపలికి రాలేదు.

మోకాళ్ళు అరిగి నొప్పి మాత్రలు లేకుండా గడవనివారు, చుట్ట, బీడీ మానలేనివారు బైపాస్‌కు తగరు. అంతకంటే ముందు అవి మానడమే తగిన పని.

రక్తహీనత ఎక్కువగా ఉన్న యువతులు, ఏళ్ళ తరబడి మాత్రలు క్రమంగా వేసుకోగలమన్న నమ్మకం లేనివారు ప్రేగు దాటవేసే ఆపరేషన్ల గురించి రెండుసార్లు ఆలోచించాలి. మద్యం సంగతి అందరికీ వర్తిస్తుంది. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, అది మునుపటికంటే చాలా వేగంగా తలకెక్కుతుంది. అంతకు ముందు అలవాటు లేనివారు కూడా కొందరు తాగుబోతులైన సందర్భాలున్నాయి.

నేను చెప్పిన ఈ వివరాలతో మీరే నిర్ణయించుకోమని కాదు. సర్జను ఒక ఆపరేషన్ పేరు చెప్పినప్పుడు, "నాకు ఇదే ఎందుకు? రెండవది ఎందుకు కాదు?" అని అడగండి. మీ ఎండోస్కోపీ, మీ చక్కెర, మీ అలవాట్లు చూసి చెప్పే సర్జను జవాబు వేరుగా ఉంటుంది. అందరికీ ఒకటే చేసే సర్జను జవాబు వేరుగా ఉంటుంది. ఆ తేడా మీకే తెలుస్తుంది.

ముందు నెలల్లో చేయవలసినవి

మూడు నుంచి ఆరు నెలలు దీనికి కేటాయించండి. రక్తపరీక్షలు, ఇ.సి.జి., గుండె స్కానింగు, లివరు కొవ్వు, పిత్తాశయంలో రాళ్ళు చూసే అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ చేయించాలి. థైరాయిడ్, ఇనుము, బి12, డి విటమిను స్థాయిలు ఇప్పుడే తెలుసుకుని లోపాలు సరిదిద్దుకోవాలి. లావుగా ఉన్నంత మాత్రాన ఒంట్లో పోషకాలున్నట్టు కాదు. వంద కిలోల మనిషికి రక్తం ఎనిమిది గ్రాములుండటం నేను తరచుగా చూసే సంగతే. వీటిలో మామూలు పరీక్షలకు నగరం దాకా పోనక్కరలేదు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ముందు అక్కడి ఆసుపత్రిలో చూపించుకోండి.

గట్టిగా గురకపెట్టేవారికి, పగలు కూర్చున్న చోటనే కునికేవారికి నిద్ర పరీక్ష చేయాలి. ఊపిరి ఆగే జబ్బు బయటపడితే రాత్రి ముక్కుకు పెట్టుకునే గాలి యంత్రం కొన్ని వారాలు వాడాకే మత్తు ఇవ్వడం క్షేమం. పొగాకు ఏ రూపంలో ఉన్నా కనీసం ఆరు వారాల ముందు మానాలి. చక్కెర మందులు, రక్తం పలచబరిచే మందులు, గర్భనిరోధక మాత్రలు, బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే సర్జనుకు, మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. వీటిలో కొన్నింటిని ముందుగా ఆపవలసి ఉంటుంది.

చివరి రెండు వారాలు అన్నం, నూనె బాగా తగ్గించి తక్కువ క్యాలరీల ఆహారం ఇస్తారు. ఇది రోగిని సాధించడానికి కాదు. కొవ్వుపట్టి ఉబ్బిన లివరు కుదించుకుంటే దాని కింద ఉన్న జీర్ణకోశం సర్జనుకు బాగా అందుతుంది. "ఇక జన్మలో తినలేనుగా" అని ఆ రెండు వారాలూ విందులు చేసుకునేవారు తమ అపాయాన్ని తామే పెంచుకుంటారు.

ఇంట్లోనే ఇంకొక సాధన చేయండి. ముద్ద చిన్నది పెట్టి, ఇరవైసార్లు నమిలి, అరగంట సేపు తినండి. భోజనం మధ్య మంచినీళ్ళు తాగకండి. భోజనానికి అరగంట ముందో, అరగంట తర్వాతో తాగండి. ఇది ఒక నెల చేయలేకపోతే ఆపరేషన్ తర్వాత చేయడం ఇంకా కష్టం. కంచంలో ముందు తినవలసినవి గుడ్డు, చేప, పప్పు, పెరుగు. అన్నం చివర. ఆపరేషన్ తర్వాత రోజుకు 60 గ్రాములకు తక్కువ కాకుండా మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాముల దాకా ఉంటాయి. చేపలు, రొయ్యలు దొరికే దివిసీమ వారికి ఇది కష్టం కాదు. శాకాహారులు మాత్రం కాగితం మీద లెక్క రాసుకోవాలి.

ఇంటికి వచ్చాక

మొదటి పది రోజులు నగరంలో బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి దగ్గరలోనో ఉండగలిగితే మంచిది. బందరు నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వారికి దూరం ఇంకా ఎక్కువ. జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, పిక్క వాచి నొప్పిపెట్టడం, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోకూడదు. కుట్టిన చోట కారుతూ ఉండవచ్చు, కాలిలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళాలి.

తొలిరోజుల్లో మజ్జిగ తేట, వడకట్టిన చారు, పప్పుకట్టు. తర్వాత పాలు, పలచని జావ. ఆ పైన మెత్తగా మెదిపిన ఇడ్లీ, గుడ్డు, చేప. మామూలు తిండికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బైపాస్ అయినవారు బందరు లడ్డూ ఒకటి తింటే పావుగంటలో ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనం కావచ్చు. అది గుండెపోటు కాదు. తీపి ఒక్కసారిగా ప్రేగులోకి దిగడం వల్ల వచ్చే బాధ.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. స్వాతంత్ర్యానికి పూర్వం ఉత్తర సర్కారులనబడే మన కోస్తా ప్రాంతంలో మరపట్టిన తెల్లబియ్యం తినేవారికి బెరిబెరి అనే జబ్బు వచ్చేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపు, గుండె బలహీనం కావడం దాని లక్షణాలు. తవుడుతో బి1 విటమిను పోవడమే కారణం. ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ జబ్బు అంతగా ఉండేది కాదు. మనం మరచిపోయిన ఆ బెరిబెరి ఈ ఆపరేషన్ల తర్వాత మళ్ళీ కనిపిస్తోంది. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. ఆపరేషన్ అయినవారికి రోజుల తరబడి వాంతులైతే అది అడుగంటుతుంది. ఆ స్థితిలో ఊళ్ళో గ్లూకోజు సీసా ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడటం మొదలవుతాయి.

నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. స్లీవ్ చేయించుకున్న కొద్ది నెలలకే పెళ్ళయింది. ఆపరేషన్ సంగతి అత్తవారికి చెప్పలేదు. ఎవరైనా అడుగుతారేమోనని విటమిను మాత్రలు పెట్టె అడుగున పెట్టి మానేసింది. అంతలో గర్భం, వాంతులు. వేవిళ్ళే కదా అని ఇంట్లో అందరూ అనుకున్నారు. గ్లూకోజులు ఎక్కించారు. కాళ్ళు నిలవక, కళ్ళు తిరుగుతూ వచ్చింది. తల్లి నన్ను పక్కకు పిలిచి ఆపరేషన్ మాట చెప్పింది గనుక బి1 ఇంజెక్షన్లు వెంటనే ఇవ్వగలిగాము. కోలుకుంది. ఆ తల్లి ఇంకో నాలుగు రోజులు దాచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

కాబట్టి ఆపరేషన్‌ను రహస్యంగా ఉంచకండి. ఊరంతా చాటనక్కరలేదు. ఇంట్లోవారికి, మీరు చూపించుకునే ప్రతి డాక్టరుకు తెలియాలి. ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఏ సర్జను అన్నది ఒక కార్డు మీద రాసి ఆధార్ కార్డుతో పాటు ఉంచుకోండి. "వాంతులైతే గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వాలి" అని దాని మీద రాయించుకోండి. స్త్రీలు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. బైపాస్ తర్వాత నోటిమాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు గనుక వేరే పద్ధతి అడిగి తెలుసుకోండి.

మల్టీవిటమిను, బి12, ఇనుము, కాల్షియం, డి విటమిను డాక్టరు చెప్పినట్టు క్రమం తప్పకుండా వాడాలి. ఇనుము, కాల్షియం ఒకేసారి మింగకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటేటా రక్తపరీక్ష చేయించాలి. సముద్రతీరం వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరచిపోలేదు. తుపాను రోజులొస్తే దారులు మూసుకుపోతాయి. అక్టోబరు వచ్చేసరికి రెండు నెలల మాత్రలు తడవని కవరులో సిద్ధంగా పెట్టుకోండి.

ఖర్చు, ఇంజెక్షన్లు

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. ఆరోగ్య బీమా కంపెనీలకు 2019లో నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనల ప్రకారం బి.ఎం.ఐ. 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదుపు కాని చక్కెర వ్యాధి వంటిది ఉండాలి. వయస్సు 18 నిండాలి, ఇతర చికిత్సలు చేసి చూసి ఉండాలి. వైద్యులు చేయవచ్చనే గీత ఒకటి, బీమావారు డబ్బిచ్చే గీత మరొకటి అని గ్రహించండి. ప్రభుత్వ పథకాల గురించి మీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ సర్జన్లు ఈ ఆపరేషన్ చేశారు. ఇది కార్పొరేటు ఆసుపత్రులకే పరిమితమైన విద్య కాదు. ఆపరేషన్ ఖర్చుతో పాటు ఏటా మాత్రలకు, పరీక్షలకు అయ్యే ఖర్చు కూడా లెక్క వేయండి. పొలం తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించుకుని, మాత్రలకు డబ్బు లేక మానేసినవారున్నారు. అది ఇల్లు కట్టి కప్పు వేయకపోవడం వంటిది.

2025లో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అనే వారానికొక ఇంజెక్షన్లు బరువు తగ్గడానికి మన దేశంలోకి వచ్చాయి. ఇవి నిజంగా పనిచేసే మందులు. ఒక మోస్తరు స్థూలకాయం ఉన్నవారు ఆపరేషన్‌కు ముందు వీటి గురించి డాక్టరును అడగడం సబబే. కాని మానేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. మందుల షాపులో కొని స్వయంగా పొడుచుకోవలసినవి కావు. బాగా లావై, జబ్బులు చుట్టుముట్టినవారికి నేటికీ ఆపరేషనే ఎక్కువ కాలం నిలిచే ఫలితం ఇస్తున్నది.

సర్జను దగ్గరకు వెళ్ళేటప్పుడు నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు? నాకు ఇదే ఎందుకు? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? అయిదేళ్ళ తర్వాత నన్ను ఎవరు చూస్తారు? మొదటి మూడింటికి అందరూ జవాబు చెబుతారు. నాలుగవదానికి తడుముకోకుండా జవాబు చెప్పిన చోట, మీ ఊళ్ళో మీరు చూపించుకునే డాక్టరుకు కూడా అన్నీ రాసి పంపుతామన్న చోట చేయించుకోండి. ఆపరేషన్ పేరు ఏదైనా, మిమ్మల్ని చివరిదాకా కాపాడేది అదే.